ఎవరి అజ్ఞాతవాసం?

కంప్యూటరు ఆటల గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయటమేమిటని కొందరు మిత్రులకు తోచవచ్చు. ఈ ఆక్షేపణ కొత్తది కాదు. నాటకం గురించీ, సినిమా గురించీ, డిటెక్టివ్ నవల గురించీ ఒక్కొక్క కాలంలో ఇదే మాట అన్నారు. మన విద్యార్థులు రాత్రులు మేలుకుని ఒక కథలో మునిగి ఉంటే, ఆ కథ ఎవరి పక్షం వహిస్తున్నదో విచారించకపోవటం విమర్శకుడు పని ఎగ్గొట్టటమే అవుతుంది. పైగా ఈ సంగతి చెప్పటానికి నాకు మరొక కారణం ఉన్నది. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. ఆ తప్పు మూలానే నాకు ఈ విషయం గురించి ఆలోచించవలసి వచ్చింది.

మాది పిట్టలవానిపాలెం. బాపట్ల చుట్టుపట్ల కాలవల కింద వరి పండించే ఊళ్ళలో ఒకటి. నేను దగ్గర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెపుతాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో చుట్టుపక్కల ఊళ్ళ విద్యార్థులు ఏడెనిమిదిమంది, వాళ్ళలో ఇద్దరు అమ్మాయిలు, మా ఇంటికి వచ్చారు. పరీక్షల సంగతి అడగటానికి వచ్చినవాళ్ళు అరుగుమీద కూచున్న పావుగంటలో పరీక్షలు మరిచిపోయి తగువులో పడ్డారు.

తగువు రెండు ఆటల గురించి. ఒకటి 2007లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్’. రెండవది 2020లో వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’. రెండూ స్టెల్త్ ఆటలు. తెలియనివారికి చెప్పాలంటే, మామూలు యుద్ధపు ఆటలో శత్రువుకు ఎదురు వెళ్ళి కాల్చాలి. స్టెల్త్ ఆటలో కంటపడకుండా పోవాలి. గోడచాటున నక్కాలి, కావలివాడు అటు తిరిగినప్పుడు ఇటు దాటాలి, అడుగుల చప్పుడు వినిపించకూడదు. చూశారా, ఆట పోయినట్టే.

“అది మొత్తం కాపీ సార్,” అన్నాడు ఒక కుర్రవాడు. “కప్పులెక్కటం, పైనుంచి దూకి పొడవటం, చాటునుంచి ఒక్కొక్కణ్ణే తీసెయ్యటం, ఇయ్యన్నీ పదమూడేళ్ళ కిందటే వచ్చినయ్. వీళ్ళు జపాన్ బట్టలు తొడిగారు, అంతే.”

“కాపీ అయితే ఏంటంట? దాన్లో కథ ఉంది. నీ దాన్లో మ్యాపు ఉంది,” అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. తగువు మాత్రం ఆగలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతమందిలో ఆ ఆటలను తమ చేత్తో ఆడినవాళ్ళు ఇద్దరే. తక్కినవాళ్ళు ఇంకెవరో ఆడుతుండగా యూట్యూబులో చూసినవాళ్ళు. అయినా ఎక్కడ ఏ మలుపు ఉన్నదో, ఎవడు ఎవణ్ణి ద్రోహం చేశాడో అందరికీ కంఠతా వచ్చు. ఇది నాకు వింతగా తోచలేదు. మన పల్లెల్లో భారతం చదివినవాళ్ళు ఎందరు? హరికథల్లో, తోలుబొమ్మలాటల్లో, నాటకాల్లో విన్నవాళ్ళే అందరూ. ఆడేవాడొకడూ చూసేవాళ్ళు పదిమందీ అయినప్పుడు, ఆట కాస్తా కథాకాలక్షేపం అవుతుంది. కాబట్టి అందులో కథ ఎట్లాంటిదన్న ప్రశ్న తప్పదు.

వాళ్ళ మాటలు వింటూ ఉంటే నా సంగతి నాకు గుర్తుకు వచ్చింది. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో, ఇరవై ఏళ్ళ కిందట, బాపట్లలో గంటల లెక్కన డబ్బు తీసుకునే నెట్ సెంటర్లు ఉండేవి. అక్కడ మేమంతా ‘ఐ.జి.ఐ.’ ఆడేవాళ్ళం. అది 2000లో నార్వే దేశంలోని ఇన్నర్‌లూప్ అనే సంస్థ తయారుచేసిన ఆట. కథానాయకుడు జోన్స్ అనే బ్రిటిషు మాజీ సైనికుడు. అతను ఒంటరిగా ముళ్ళతీగ కత్తిరించుకుని, కెమెరాల కన్ను తప్పించుకుని, ఒకప్పటి సోవియట్ నేలమీది సైనిక స్థావరాల్లోకి చొరబడతాడు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకోవటానికి అందులో వీలులేదు. గంటసేపు నక్కి నక్కి పోయి చివర దెబ్బ తిన్నామంటే మళ్ళీ మొదటికి రావలసిందే.

మా ఇంట్లో నాన్న పెట్టెనిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు అక్కడే ఉండి తెలుగు చేసిన పుస్తకాలు. పొద్దున ఆ పుస్తకాల్లోని రష్యా పిల్లలతో స్నేహం చేసి, సాయంత్రం నెట్ సెంటర్లో ఆ దేశపు సైనికులను వెనకనుంచి కాల్చేవాణ్ణి. ఈ రెంటికీ వైరుధ్యం ఉన్నదని నాకు తట్టనే లేదు. జోన్స్ ఎవరి పనిమీద వచ్చాడు, ఆ కావలివాళ్ళు ఎవరు, వాళ్ళ జీతమెంత, ఇవేవీ నాకు అవసరం లేకపోయినై. కావలివాడి చూపు ఎటు తిరిగిందన్నదొక్కటే నాకు కావలసింది. ఆట నా చేత కథ మింగించింది. నేను మింగినట్టు నాకు తెలియదు.

సరే, పిల్లలు నన్ను తీర్పు చెప్పమన్నారు. తెలుగు మేష్టరును కనక నాకు తెలిసిన తక్కెడే బయటికి తీశాను. సొంత కథా, పాత కథా అన్న తగువు మనకు నాలుగు వందల ఏళ్ళ పైబడినది. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కథను తానే కల్పించి రాశాడు. ఆ శతాబ్దంలోనే రామరాజభూషణుడి ‘వసుచరిత్ర’ మొదట్లో కథలను మూడురకాల రత్నాలతో పోల్చటం కనిపిస్తుంది. ఉత్త కల్పన కృత్రిమ రత్నం. ఉన్నదున్నట్టు చెప్పిన పాతకథ గనిలోంచి తీసిన పచ్చిరాయి. పాత కథకు కవి తన కల్పనతో మెరుగుపెడితే అది సానపట్టిన రత్నం. ఈ తీర్పును అందరూ ఒప్పుకోలేదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో కళాపూర్ణోదయాన్ని ఆకాశానికెత్తాడు. 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెడితే, అది గోల్డ్‌స్మిత్ నవలకు ఎంత బాకీపడిందని లెక్కలు తీసేవాళ్ళు తరతరానికీ వస్తూనే ఉన్నారు. ఆ లెక్కలు తీసినవాళ్ళలో చాలామంది, మన గోదావరి తీరపు ఇళ్ళలోని మూఢనమ్మకాలూ, బంధువుల పీడా, బంగారం చేస్తామనే బైరాగులూ ఆ నవలలోకి ఎక్కడినుంచి వచ్చినయ్యని మాత్రం అడగలేదు.

ఆ తరవాత ఆటల చరిత్రలోనుంచే ఒక ఉదాహరణ చెప్పాను. స్టెల్త్ ఆటలకు ‘మెటల్ గేర్’ను ఆదికావ్యంగా చెప్పేవాళ్ళు చాలామంది. 1987లో జపాన్‌లో వచ్చింది. దాన్ని తయారుచేసిన హిడియో కోజిమాకు కంపెనీ అప్పగించిన పని యుద్ధపు ఆట చెయ్యటం. అయితే ఆ ఆట నడవవలసిన ఎం.ఎస్.ఎక్స్.2 అనే చిన్న కంప్యూటరుకు ఒకే తెరమీద ఎక్కువమంది సైనికులనూ, ఎక్కువ తూటాలనూ చూపే శక్తి లేదు. పోట్లాట చూపలేని యంత్రం మీద అతను పోట్లాట తప్పించుకునే ఆట తయారుచేశాడు. అందుకు 1963 నాటి ‘ది గ్రేట్ ఎస్కేప్’ సినిమా కూడా ప్రేరణ ఇచ్చింది. పోనీ ఆ ఊహ అయినా బొత్తిగా కొత్తదా? అంతకు ఆరేళ్ళ ముందే, 1981లో, అమెరికాలో సైలస్ వార్నర్ ‘కాజిల్ వుల్ఫెన్‌స్టైన్’ అనే ఆట చేశాడు. అందులో ఖైదీ నాజీ సైనికుడి దుస్తులు తొడుక్కుని కోటలోంచి తప్పించుకుపోతాడు. దీన్నిబట్టి తేలేదేమిటి? కొత్త రూపం ఆకాశంనుంచి ఊడిపడదు. చేతిలో ఉన్న పనిముట్ల శక్తీ, అశక్తీ కూడా దాన్ని తయారుచేస్తై. సామగ్రి పాతది కావచ్చు, నిర్బంధం కొత్తది. ఆ నిర్బంధంలో మనిషి వెతుక్కున్న దారినే మనం సొంతదనం అంటున్నాం.

“మరి అసాసిన్స్ క్రీడ్ సొంతమేనా సార్?” అన్నాడు మొదటి కుర్రవాడు.

అదీ అరువే. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అనే ఆటల వరసలో మరొక ఆటగా మొదలై విడిపోయింది. కథకు వ్లాదిమిర్ బార్తోల్ అనే స్లొవీనియా రచయిత 1938లో ప్రకటించిన ‘అలమూత్’ నవల ప్రేరణ. యూరపులో ఫాసిజం తలెత్తిన రోజుల్లో, ఒక నాయకుడు కుర్రవాళ్ళకు కృత్రిమ స్వర్గం చూపించి వాళ్ళను హంతకులుగా ఎట్లా తయారుచేస్తాడో ఆ నవల చెప్పింది. ఏదీ నిజం కాదు, ఏం చేసినా చెల్లుతుంది అనే అర్థం వచ్చే సూత్రం నవలలో పైమెట్టుమీది నాయకులకు మాత్రమే తెలిసిన రహస్యం. ఆటలో అదే వీరులందరి నినాదమైంది. మొదటి ఆటలో గురువు మోసగాడని చివరకు తేలుతుంది, నిజమే. కాని ఆ తరవాత ఏటేటా వచ్చిన ఆటల్లో ఆ నినాదం మాత్రం వీరమంత్రంగానే మిగిలింది. అరువు తేవటం తప్పు కాదు. తెచ్చినదాన్ని ఎవరి చేతిలో పెట్టావన్నదే లెక్క. నేను ఇట్లా ముగించాను. పిల్లలు సంతోషించారు. నాకూ సంతోషంగానే ఉంది.

అప్పుడు అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూచున్న కుర్రవాడు, అంతవరకూ నోరెత్తనివాడు, అన్నాడు:

“అరువు తేవటం తప్పు కాకపోతే, నన్నెందుకు అట్లా అడిగారు సార్?”

తక్కినవాళ్ళకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మూడు నెలల కిందట నేను క్లాసులో విరాటపర్వం చెప్పాను. తిక్కన భారతరచన అక్కడే మొదలుపెట్టాడు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించటం మన పల్లెల్లో పాత ఆచారం కనక, చదువుకోని ముసలివాళ్ళకు కూడా ఆ కథ బాగా తెలుసు. పన్నెండేళ్ళు అరణ్యవాసం, పదమూడవ ఏడు అజ్ఞాతవాసం. ఆ ఏట ఎవరైనా గుర్తుపట్టారా, మళ్ళీ పన్నెండేళ్ళూ, మళ్ళీ ఆ ఒక ఏడూ. క్లాసుకు ఉత్సాహం పుట్టించటానికి నేను, “ఇది మీ ఆటల్లాంటిదేరా, కంటపడితే మొదటికి పోవాలి,” అన్నాను. అజ్ఞాతవాసంలో పాత్రచిత్రణ గురించి తలా ఒక వ్యాసం రాసుకురమ్మన్నాను.

అందరూ గైడు చూసి రాశారు. ఈ కుర్రవాడు మాత్రం గైడులో లేనిది రాశాడు. అతని వాదన ఇది: పాండవులు దాక్కున్నది కొండల్లోనూ గుహల్లోనూ కాదు, రాజుగారి కొలువులో. భీముడు వంటవాడు, నకులుడు గుర్రాలవాడు, సహదేవుడు పశువులవాడు, అర్జునుడు ఆట నేర్పే బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. ధర్మరాజు కంకుభట్టై రాజుతో జూదమాడుతూ కూచున్నా, అతనూ కొలువువాడే. వాళ్ళు పనివాళ్ళలో కలిసిపోయారు, ఎందుకంటే పనివాడి మొహం ఎవరూ చూడరు. జమ్మిచెట్టు మీద దాచింది ఆయుధాలను, మనుషులను దాచింది పని.

దీనికి అతను ‘హిట్‌మాన్’ ఆటను ఉదాహరణగా చూపించాడు. డెన్మార్క్ కంపెనీ 2000లో మొదలుపెట్టిన ఆ ఆటల్లో కిరాయి హంతకుడు వంటవాడి బట్టలో, వడ్డించేవాడి బట్టలో వేసుకుని ధనికుల భవనాల్లో తిరుగుతాడు. యజమాని అతన్ని గుర్తుపట్టడు. పసిగట్టేది తోటి వంటవాడు, లేకపోతే మేస్త్రీ. ఎందుచేతనంటే పనివాళ్ళ మొహాలు తెలిసేది పనివాళ్ళకే అని రాశాడు.

పదిహేనేళ్ళలో విరాటపర్వం మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి అయిన ఆలోచన నాకు కనిపించలేదు. అందుకే నమ్మలేదు. మార్జినులో ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టాను. స్టాఫ్ రూముకు పిలిచి, నలుగురు ఉపాధ్యాయుల ముందు, “ఎక్కడినుంచి ఎత్తుకొచ్చావురా?” అని అడిగాను.

“ఎత్తుకురాలేదు సార్,” అన్నాడు. కాగితాలు నా బల్లమీదే వదిలి వెళ్ళాడు.

ఇప్పుడు అరుగుమీద అతను మెల్లిగానే చెప్పాడు. “మాది స్టూవర్టుపురం సార్. మా ఊళ్ళో ‘ఎత్తుకొచ్చావా’ అంటే కాపీ కొట్టావా అని అర్థం కాదు.”

బాపట్లనుంచి చీరాల వెళ్ళే రైలుమార్గంలో ఉన్నది ఆ ఊరు. దాని పేరు సినిమా చూసేవాళ్ళందరికీ తెలుసు. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఆ ఊరు ఎట్లా పుట్టిందో తెలిసినవాళ్ళు తక్కువ. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం తీర్మానించింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి వ్యాపించింది. ఆ చట్టం కింద ఎరుకలవారిని ఒకచోట కట్టిపెట్టటానికి, జనం ముక్తిఫౌజని పిలిచే సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యాన, మరి రెండేళ్ళకు సెటిల్మెంటు వేశారు. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు.

అంతకు ముందు వీళ్ళు ఏం చేసేవాళ్ళు? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో చూపించింది. వీళ్ళు ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని కోస్తానుంచి లోపలి ఊళ్ళకు చేరవేసే సంచార వర్తకులు. రైళ్ళు వచ్చినై. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. వర్తకం చచ్చింది. బతుకు తెరువు తీసేసిన సర్కారే, తెరువులేని మనిషి దొంగ అని చట్టం రాసింది. సెటిల్మెంటులో పెట్టిన తరవాత చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చవకగా కూలీలు దొరికారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ పేరు మాత్రం రద్దు కాలేదు.

“మా తాతకు వాళ్ళమ్మ చెప్పేదట సార్,” అన్నాడు అతను. “రాత్రిపూట పేర్లు పిలిచేవాళ్ళంట. పలకాలి. పొరుగూరు పోవాలంటే చీటీ కావాలి. నేను ఆ వ్యాసంలో సగమే రాశాను. పనివాళ్ళను ఎవరూ చూడరని రాశాను. మావాళ్ళను చూడని రోజు లేదు. అది రాయలేదు.”

ఎవరూ మాటాడలేదు. కాసేపటికి ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకతె అన్నది: “నీ మొదటి సగం కూడా తప్పే. పనివాళ్ళ మొహం ఎవరూ చూడరన్నావు. సైరంధ్రిని కీచకుడు చూశాడుగా?”

“చూశాడు,” అని ఒప్పుకున్నాడు అతను.

విరాటపర్వం మీద నా చదువంతా కలిసినా ఈ ఇద్దరి మాటలకు సరిరాదని నాకు అప్పుడు తెలిసింది. మగ పనివాడు కనిపించడు. ఆడ పనిమనిషి కనిపించనంతసేపే క్షేమం, కనిపిస్తే కీచకుడే. నేరస్థుడని ముద్ర వేసినవాడు నిద్రలో కూడా కనిపిస్తూ ఉండాలి. పద్మావతీ కల్యాణపు కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని రాజుగారి అంతఃపురంలోకి వెళతాడు. అంతఃపురంవాళ్ళు పీట వేసి సోది అడుగుతారు. దేవుడికి అది పూటలో విప్పేసే వేషం. ఎరుకలసాని మనమడికి అది పోలీసు రిజిస్టరు.

దాక్కోవటం అందరికీ ఒకటి కాదు. స్టెల్త్ ఆటల కథలను చూడవలసింది ఈ దృష్టితోనే అని ఇప్పుడు నా అభిప్రాయం. 1998లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’లో తెర మూలన చిన్న పటం ఉంటుంది. కావలివాడి చూపు ఎంతదూరం పోతుందో అందులో ముక్కోణంగా గీసి చూపిస్తారు. చూపును ఇంత స్పష్టంగా బొమ్మ గీసిన కళారూపం మరొకటి లేదు. చూడటమంటే అధికారం, కంటపడటమంటే లొంగిపోవటం. అయితే ఎవరి అధికారం? ఎవరు లొంగటం? ఆ ముక్కోణం వెనక నిలబడినవాడు ఎవడు, దాన్ని తప్పించుకునేవాడు ఎవడు? ఈ ప్రశ్న వేస్తే కాపీ తగువు చిన్నదైపోతుంది.

ఐ.జి.ఐ.లో దాక్కునేవాడు పెద్ద రాజ్యాల మనిషి, కంటపడకూడని చూపు జీతానికి కాపలాకాసే అనామకుడిది. అక్కడ దాక్కోవటం బలవంతుడి విద్య. 2018 నాటి ‘హిట్‌మాన్ 2’ మన ముంబయి మురికివాడకు వచ్చింది. అక్కడి జనం హంతకుడికి చాటు, తెర నింపటానికి జనం. వాళ్ళ కళ్ళతో ఒక్క క్షణం కూడా మనం ఆ వాడను చూడం. 2016లో 1841 నాటి పంజాబునూ, ఈస్టిండియా కంపెనీనీ వస్తువుగా తీసుకుని ‘అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా’ వచ్చింది. కంపెనీవాళ్ళు శత్రువులే, సంతోషం. కాని కథ తిరిగేది కోహినూరు చుట్టూ, రాకుమారి చుట్టూ. కంపెనీ ఎవరి నోటి ముద్ద లాక్కున్నదో ఆ రైతు అందులో లేడు.

ఇక పిల్లల తగువుకు మూలమైన త్సుషిమా కథ. 1274లో మంగోలులు జపాన్ దీవి మీద దాడి చేశారు. తిక్కన జీవించిన శతాబ్దమే. జిన్ అనే సమురాయ్ ఎదురుపడి పోరాడి ఓడిపోయి, చాటునుంచి దెబ్బతీయటం నేర్చుకుంటాడు. అతన్ని పెంచిన మేనమామకు ఇది భరించరాని అప్రతిష్ఠ. మంగోలులను తరిమిన తరవాత షోగను చూసేది జిన్ తెచ్చిన గెలుపును కాదు, అతనివల్ల రాబోయే ప్రమాదాన్ని. జిన్ వంశాన్ని రద్దుచేసి, అతన్ని చంపే పని ఆ మేనమామకే అప్పగిస్తాడు. ఇందులో ఒక నిజం ఉన్నది. ఎదురుపడి పోరాడటమే ధర్మమనే నీతి, గుర్రమూ కవచమూ ఉన్నవాడికి గిట్టుబాటు అయ్యే నీతి. బలహీనుడికి చాటు కావాలి. 1946నుంచి 1951 వరకు తెలంగాణ పల్లెల్లో జరిగిన పోరాటం ఎరిగిన మనకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు. కాబట్టి కథ ఉందన్న కుర్రవాడి మాట సబబే. కాని ఆ కథలో కూడా చాటు నేర్చుకున్నందుకు కుమిలిపోయే హృదయం ప్రభువుదే. పొట్టకోసం, ప్రాణంకోసం తరతరాలుగా నక్కి బతికిన పల్లెవాడికి అందులో సంకటమేమీ లేదు. అతనికి అది నీతిసమస్య కాదు, బతుకు.

తెలంగాణ పోరాటంలోనైనా, దాక్కున్న నాయకుల గురించి రాసినంతగా వాళ్ళను దాచినవాళ్ళ గురించి రాశామా? 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ ఆడవాళ్ళు తమ నోటితో చెప్పుకునేదాకా వాళ్ళ అజ్ఞాతవాసం ముగియలేదు. ఈ లోపం కంప్యూటరు కంపెనీలది మాత్రమే కాదు. మనదీను.

నా తప్పు సంగతి. ఆ సాయంత్రం అందరి ముందూ అతన్ని క్షమించమని అడిగాను. “సరేలెండి సార్,” అన్నాడు. అందులో క్షమాపణ పాలెంతో, ఇక వదిలెయ్యమనటం పాలెంతో నేను చెప్పలేను. నేను ఆ మాట అన్న క్షణాన అతని ఊరు నా మనసులో లేదని చెప్పుకోవాలని ఉన్నది. ప్రమాణం చెయ్యమంటే మాత్రం చెయ్యలేను. గైడు చూసి అక్షరం పొల్లుపోకుండా రాసిన ముప్ఫైమందిలో ఒక్కణ్ణి కూడా నేను ఎక్కడినుంచి ఎత్తుకొచ్చావని అడగలేదు. సొంతంగా ఆలోచించినవాణ్ణే అడిగాను. మనం సొంతదనం కోసం వెతుకుతున్నామనుకుంటాం. అది ఎవరి దగ్గర ఉండవచ్చునో, ఎవరి దగ్గర ఉండరాదో ముందే మనసులో రాసిపెట్టుకుని వెతుకుతాం. ఇదీ ఒక రిజిస్టరే.

మా ఊరికి దగ్గరి తెనాలిలోనే 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన మన రచయితల సంఘం పుట్టింది. సాహిత్యం ఎవరి పక్షం అని అడగటం మనకు నేర్పింది ఆ ఉద్యమం. ఆ ప్రశ్నను పుస్తకాలకు వేసినంత తేలికగా, మనం దిద్దే కాగితాల మీది ఎర్రసిరాకు వెయ్యలేకపోతున్నాం. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇంతే.

పిల్లలు ఆ సాయంత్రం వెంటనే లేచిపోలేదు. మనమే ఒక ఆట తయారుచేస్తే ఎట్లా ఉంటుందని మొదలుపెట్టారు. ఒకడు చందవోలు కోట అన్నాడు, ఒకడు అల్లూరి సీతారామరాజు అన్నాడు. స్టూవర్టుపురం కుర్రవాణ్ణి అడిగారు.

“నేను చేస్తే దాన్లో దాక్కోటం ఉండదు,” అన్నాడు. “రాత్రి. చీకట్లో ఎవరో పేరు పిలుస్తారు. పలకాలి. పలక్కపోతే ఆట పోయినట్టు.”

“మరి గెలిచేది ఎట్లారా?” అన్నాడు మొదట కాపీ తగువు పెట్టినవాడు.

“అదే ఆలోచిస్తున్నా.”

ఇది దేనికి కాపీ అని ఈసారి ఎవరూ అడగలేదు. చీకటిపడేదాకా కూచుని, గెలిచే ఉపాయం కోసం అందరూ తలా ఒకటి చెప్పారు. ఇంకా తేలలేదు.